పిల్లాడు మొద్దు కాదు, మొదలే వెనక: ప్రొఫెసర్ కోడింగర్ పరిశోధన ఏం చెబుతోంది?

లెక్కల్లో మార్కులు తగ్గగానే చాలా ఇళ్ళలో వచ్చే మాట ఒకటే: "వీడి బుర్రకి ఎక్కదు." ఆ మాట ఒకసారి పడ్డాక తేలిగ్గా పోదు. టెన్త్ అయ్యాక ఏ గ్రూపు తీసుకోవాలి, ఇంటర్‌కి పంపాలా లేక ఏదైనా పనిలో పెట్టాలా, ఆడపిల్ల అయితే చదువు అక్కడితో ఆపేయాలా అనే నిర్ణయాల వెనక కూడా చాలాసార్లు అదే మాట ఉంటుంది.

ఇంతకీ కొందరు పిల్లలకి త్వరగా ఎక్కుతుంది, కొందరికి నెమ్మదిగా ఎక్కుతుంది అన్నది నిజమేనా? అందరూ నమ్మే ఈ మాటని లక్షల లెక్కల మీద పరీక్షించి చూసిన ప్రొఫెసర్ ఒకరున్నారు. ఆయన పేరు కెన్ కోడింగర్. అమెరికాలో పిట్స్‌బర్గ్ నగరంలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో పనిచేస్తున్నారు. పిల్లలు ఎలా నేర్చుకుంటారు, అందులో కంప్యూటర్ ఎంతవరకు పనికొస్తుంది అన్నదే ఆయన జీవితకాలపు పరిశోధన. అందులో తేలిన విషయాలు పిల్లల్ని చదివిస్తున్న ప్రతి తల్లీ తండ్రీ తెలుసుకోదగ్గవి.

మూడు చదువులు, ఒక ప్రశ్న

కోడింగర్ అమెరికాలోని విస్కాన్సిన్ యూనివర్సిటీలో గణితంలో డిగ్రీ, కంప్యూటర్ సైన్స్‌లో మాస్టర్స్ చేశారు. తర్వాత కార్నెగీ మెలన్‌కి వచ్చి 1990లో మనస్తత్వశాస్త్రంలో పీహెచ్‌డీ పూర్తి చేశారు. నగరంలోని ఒక హైస్కూల్లో పాఠాలు చెప్పిన అనుభవం కూడా ఉంది.

గణితం, కంప్యూటర్, మనిషి మనసు. ఈ మూడూ మామూలుగా మూడు వేరు వేరు డిపార్ట్‌మెంట్లు. వీటిని కలిపే చోటునే హ్యూమన్-కంప్యూటర్ ఇంటరాక్షన్ అంటారు. అంటే మనిషికీ కంప్యూటర్‌కీ మధ్య జరిగే వ్యవహారాన్ని చదివే శాస్త్రం. ఏటీఎం ముందు నిలబడ్డ పెద్దాయన ఏ బటన్ దగ్గర తడబడతాడు, ఫోన్‌లో ఫారం నింపే అమ్మాయి ఎక్కడ ఆగిపోతుంది అని గమనించి, తప్పు మనిషిది అనకుండా మెషీన్‌ని ఎలా మార్చాలో ఆలోచించడం దీని పద్ధతి. కోడింగర్ ఇదే చూపుని చదువు మీద పెట్టారు. పిల్లవాడు ఒక లెక్క దగ్గర ఆగిపోతే తప్పు పిల్లవాడిదేనా, లేక లెక్క నేర్పిన తీరుదా?

కార్నెగీ మెలన్‌లో ఈ శాస్త్రం కోసం ప్రత్యేకంగా ఒక ఇన్‌స్టిట్యూట్ 1994లో మొదలైంది. అప్పట్లో అక్కడి కంప్యూటర్ సైన్స్ విభాగానికి డీన్ మన తెలుగువాడే. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, అదే 1994లో కంప్యూటర్ రంగంలో అతి పెద్ద గౌరవమైన ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి. కోడింగర్ ఈ ఇన్‌స్టిట్యూట్‌లోనూ సైకాలజీలోనూ ప్రొఫెసర్.

ఏది కష్టం? టీచర్ల అంచనా తప్పింది

ఒక చిన్న లెక్క చూడండి. ఇమ్రాన్ ఒక బట్టల కొట్లో గంటకి 60 రూపాయలకి పనిచేస్తాడు. పండగ ముందు రోజు యజమాని పైన ఇంకో 150 రూపాయలు ఇచ్చాడు. ఆ రోజు చేతికి మొత్తం 570 రూపాయలు వచ్చాయి. ఎన్ని గంటలు పనిచేశాడు?

బజారుకి వెళ్ళొచ్చే పిల్లలు చాలామంది దీన్ని నోటితోనే చేస్తారు. 570లో 150 తీసేస్తే 420. 420లో అరవైలు ఏడు. ఏడు గంటలు. ఇదే లెక్కని "ఒక తెలియని సంఖ్యని 60తో గుణించి 150 కలిపితే 570 వస్తుంది, ఆ సంఖ్య ఎంత" అని సమీకరణం రూపంలో, అక్షరాలూ గుర్తులూ పెట్టి బోర్డు మీద రాస్తే వాళ్ళలోనే కొందరు ఆగిపోతారు.

కోడింగర్, మిచెల్ నాథన్ అనే మరో పరిశోధకుడు కలిసి ఇలాంటి ప్రశ్నల్ని హైస్కూలు పిల్లల మీద పరీక్షించారు. ముందు టీచర్లని అడిగితే, పద సమస్యలే కష్టం, సమీకరణాలు తేలిక అని ఎక్కువమంది అంచనా వేశారు. పాఠ్యపుస్తకాలు కూడా అదే నమ్మకంతో ముందు సమీకరణాలు, చివర్లో పద సమస్యలు ఇస్తాయి. పిల్లలు చేసి చూపించింది దీనికి తలకిందులు. మాటల్లో ఉన్న లెక్కల్ని మూడింట రెండు వంతుల వరకు సరిగ్గా చేసిన పిల్లలు, అవే లెక్కల్ని సమీకరణాలుగా ఇస్తే సగం కూడా సరిగ్గా చేయలేకపోయారు. ఈ ఫలితాలు 2004లో అచ్చయ్యాయి.

కారణం ఏమిటంటే, ఆల్జీబ్రా గుర్తులు కూడా ఒక భాషే. టీచర్‌కి ఆ భాష ఎప్పుడో వచ్చేసింది కాబట్టి అది భాష అన్న సంగతే మరిచిపోతారు. పిల్లవాడికి అది కొత్త. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, స్కూల్లో ఇంగ్లీషు నడిచే ఇళ్ళలో ఇది చెప్పకుండానే అర్థమవుతుంది. ఒక భాషలో తెలిసిన విషయం ఇంకో భాషలో అడిగితే నోరు పెగలకపోవడం తెలివితక్కువ కాదు కదా.

నిపుణుల గురించి కోడింగర్ పీహెచ్‌డీ రోజుల్లోనే ఒక విషయం గమనించారు. జామెట్రీ బాగా వచ్చినవాళ్ళు బొమ్మ చూసి చాలా మెట్లు మనసులోనే దాటేస్తారు. వాళ్ళు దాటేసిన మెట్లే నేర్చుకునేవాడికి అవసరం. అందుకే బాగా తెలిసిన మనిషి అందరికంటే బాగా చెబుతాడన్న హామీ లేదు.

పక్కన కూర్చున్న మాస్టారులాంటి ప్రోగ్రామ్

కార్నెగీ మెలన్‌లో జాన్ ఆండర్సన్ అనే సైకాలజిస్టు, మనిషి ఒక నైపుణ్యాన్ని ఎలా నేర్చుకుంటాడో కంప్యూటర్ మోడల్‌గా రాసే పని చాలా ఏళ్ళు చేశారు. ఆ మోడల్ ఆధారంగా ఆండర్సన్, కోడింగర్, మరికొందరు కలిసి ఆల్జీబ్రా నేర్పే ప్రోగ్రామ్ తయారుచేశారు. దాన్ని కాగ్నిటివ్ ట్యూటర్ అంటారు.

ఇది పనిచేసే తీరు ఇలా ఉంటుంది. పెద్ద పాఠాన్ని చిన్న చిన్న నైపుణ్యాలుగా విడగొడతారు. పిల్లవాడు లెక్క చేస్తుంటే ప్రోగ్రామ్ ఒక్కో మెట్టునీ చూస్తుంది. తప్పు మెట్టు వేస్తే అక్కడికక్కడే చెబుతుంది. అడిగితే చిన్న సూచన ఇస్తుంది, ఒకేసారి జవాబు చెప్పదు. ఏ నైపుణ్యం మీద ఎంత పట్టు వచ్చిందో లెక్క కడుతూ, రానిదాని మీద ఎక్కువ లెక్కలు ఇస్తుంది. వచ్చేసినదాని మీద టైమ్ వృథా చేయదు.

పిట్స్‌బర్గ్ ప్రభుత్వ హైస్కూళ్ళలో 1993-94 విద్యా సంవత్సరంలో దీన్ని పరీక్షించారు. ట్యూటర్ వాడిన తరగతుల్లో 470 మంది పిల్లలున్నారు. మామూలు తరగతుల వాళ్ళతో పోలిస్తే వీళ్ళు ప్రామాణిక పరీక్షల్లో 15 శాతం ముందున్నారు. నిజజీవిత సమస్యల్ని లెక్కలుగా మార్చి చేసే పరీక్షల్లో రెట్టింపు సాధించారు. 1998లో ఈ పని నుంచి కార్నెగీ లెర్నింగ్ అనే కంపెనీ పుట్టింది. దాని స్థాపకుల్లో కోడింగర్ ఒకరు.

అయితే ఇది మంత్రదండం కాదు. తర్వాత ర్యాండ్ అనే సంస్థ ఏడు రాష్ట్రాల్లో 147 స్కూళ్ళలో ఇదే ట్యూటర్ మీద పెద్ద అధ్యయనం చేసింది. ఫలితాలు 2014లో వచ్చాయి. వాడిన మొదటి ఏడాది చెప్పుకోదగ్గ లాభం కనిపించలేదు. రెండో ఏడాది మాత్రం హైస్కూళ్ళలో లాభం తేలింది. వందమందిలో సరిగ్గా మధ్యలో, అంటే 50వ స్థానంలో ఉన్న పిల్లవాడు 58వ స్థానానికి చేరినంత మేలు అది. కంప్యూటర్లు తెచ్చి పెట్టగానే చదువు మారిపోదు. టీచర్లు దానికి అలవాటు పడాలి, తరగతి నడిచే తీరు మారాలి, దానికి టైమ్ పడుతుంది.

జవాబు కోసం నొక్కే వేళ్ళు

పిల్లలు తెలివైనవాళ్ళు, ఎక్కడ సందు దొరికితే అక్కడ దూరతారు. కొందరు ట్యూటర్‌లో సూచనల బటన్‌ని టకటకా నొక్కుకుంటూ పోయి, చివర్లో జవాబు రాగానే దాన్నే రాసేసేవారు. కొందరు 1, 2, 3 అని వరసగా అంకెలు కొట్టి చూసేవారు. ర్యాన్ బేకర్ అనే పరిశోధకుడు కోడింగర్ బృందంతో కలిసి 2004లో దీన్ని లెక్క కట్టారు. ఇలా ఎక్కువగా చేసిన పిల్లలు, సరిగ్గా వాడిన పిల్లలు నేర్చుకున్నదాంట్లో మూడింట రెండు వంతులే నేర్చుకున్నారు.

ఇప్పుడు ఫోన్‌లో లెక్క ఫొటో తీస్తే జవాబు వచ్చే రోజులు. అబ్బాయి హోంవర్క్ పది నిమిషాల్లో అయిపోయిందంటే సంతోషించే ముందు, మధ్య మెట్లు వాడి బుర్రలోంచి వచ్చాయా, స్క్రీన్‌లోంచి వచ్చాయా అని ఒక్కసారి అడిగి చూడాలి.

చూస్తే వచ్చేది తక్కువ, చేస్తే వచ్చేది ఎక్కువ

లాక్‌డౌన్ తర్వాత వీడియో పాఠాలు ప్రతి ఇంట్లోకీ వచ్చాయి. దానికి ముందే, 2015లో, కోడింగర్ బృందం ఒక ఆన్‌లైన్ సైకాలజీ కోర్సులో చేరినవాళ్ళ మీద అధ్యయనం చేసింది. అందరి ముందూ వీడియోలు, చదివే పేజీలు, చేసి చూసే ప్రశ్నలు మూడూ ఉన్నాయి. ఎవరు దేని మీద ఎక్కువ గడిపారో, చివరి పరీక్షలో ఎలా చేశారో పోల్చారు. అదనంగా ప్రశ్నలు చేయడం వల్ల వచ్చిన లాభం, అదనంగా వీడియోలు చూడటం లేదా చదవడం వల్ల వచ్చిన లాభానికి ఆరు రెట్లకి పైగా ఉంది.

వీడియో చూస్తుంటే అంతా అర్థమైనట్టే ఉంటుంది. చెప్పేవాడు బాగా చెబుతాడు, మనం తల ఊపుతాం. పెన్ను పట్టుకున్నాకే తెలుస్తుంది ఏది వచ్చిందో, ఏది రాలేదో. ఇంట్లో బిర్యానీ నేర్చుకున్న ఎవరిని అడిగినా ఇదే చెబుతారు. అమ్మీ పక్కన నిలబడి పది సార్లు చూసినా, ఒకసారి సొంతంగా దమ్ పెట్టి మాడ్చుకుంటేనే మంట ఎంత ఉండాలో చేతికి తెలుస్తుంది.

13 లక్షల లెక్కలు చెప్పిన మాట

అసలు ప్రశ్న ఇప్పుడు. కొందరు పిల్లలు మిగతావాళ్ళకంటే వేగంగా నేర్చుకుంటారా?

2004లో అమెరికా ప్రభుత్వ సైన్స్ నిధులతో కార్నెగీ మెలన్, పిట్స్‌బర్గ్ యూనివర్సిటీలు కలిసి ఒక పరిశోధన కేంద్రం పెట్టాయి. తర్వాత దాన్ని లెర్న్‌ల్యాబ్ అంటున్నారు. అక్కడ పిల్లలు కంప్యూటర్‌లో చేసిన ఒక్కో మెట్టు, ఒక్కో తప్పు, ఒక్కో సూచన వివరాలు దాచిపెడతారు. కోడింగర్ బృందం ఇలాంటి 27 డేటా సెట్లు తీసుకుంది. ప్రాథమిక పాఠశాల నుంచి కాలేజీ దాకా లెక్కలు, సైన్స్, భాషల కోర్సులు అందులో ఉన్నాయి. మొత్తం 13 లక్షల సమాధానాలు. ఫలితాలు 2023లో అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ పత్రికలో వచ్చాయి.

ముందుగా, పాఠం విని లేదా చదివి వచ్చిన తర్వాత కూడా, ప్రాక్టీసు మొదలుపెట్టే సరికి పిల్లలు సగటున 65 శాతం మాత్రమే సరిగ్గా చేస్తున్నారు. ఒకే తరగతిలో కూర్చున్నా వెనక సగం పిల్లలు సుమారు 55 శాతం దగ్గర, ముందు సగం పిల్లలు సుమారు 75 శాతం దగ్గర మొదలవుతున్నారు. అంటే మొదలయ్యే చోటు పెద్ద తేడా.

తర్వాత ఒక్కో ప్రాక్టీసుకి ఎవరు ఎంత మెరుగవుతున్నారో చూశారు. అందరూ దాదాపు ఒకేలా, ఒక్కో అవకాశానికి సుమారు 2.5 శాతం చొప్పున పెరుగుతున్నారు. ముందున్నవాడి నడకా, వెనకున్నవాడి నడకా ఇంచుమించు ఒకటే. పరిశోధకులే దీనికి ఆశ్చర్యపోయి ఆ మాటని పరిశోధన పేరులోనే పెట్టారు.

దీన్నే మామూలు మాటల్లో చెప్పాలంటే, ఒక చిన్న నైపుణ్యం మీద 80 శాతం పట్టు రావడానికి సగటు విద్యార్థికి సుమారు 7 సార్లు చేయాల్సి వస్తుంది. ముందు మొదలైనవాడికి 4 సార్లు చాలు. వెనక మొదలైనవాడికి 13 సార్లు కావాలి. నాలుగు సార్లకే క్లాసు ముందుకి వెళ్ళిపోతే, రెండోవాడు "రానివాడు" అయిపోతాడు. నిజానికి వాడికి మిగిలిన తొమ్మిది సార్లు ఎవరూ ఇవ్వలేదు.

ఇక్కడ జాగ్రత్తగా అర్థం చేసుకోవాల్సిన విషయం ఉంది. ఊరికే పదమూడు సార్లు రాస్తే వస్తుందని ఈ పరిశోధన అనడం లేదు. తప్పు చేసిన వెంటనే దిద్దడం, ఎందుకు తప్పో చెప్పడం ఉన్న ప్రాక్టీసులో మాత్రమే ఈ ఫలితం వచ్చింది. తప్పునే పదమూడు సార్లు రాస్తే తప్పే గట్టిపడుతుంది. అలాగే పిల్లలందరికీ అవకాశాలు సమానంగా ఉన్నాయని కూడా దీని అర్థం కాదు. మొదలయ్యే చోటులో ఉన్న తేడా వెనక ఇల్లు, భాష, స్కూలు, డబ్బు అన్నీ ఉంటాయి.

ఢిల్లీలో కనిపించింది

ఇది అమెరికా సంగతి, మన దగ్గర చెల్లుతుందా అని అడగొచ్చు. కోడింగర్‌తో సంబంధం లేని వేరే బృందం, ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్ తదితరులు, ఢిల్లీలో 619 మంది పిల్లలతో ఒక అధ్యయనం చేశారు. అది 2019లో అచ్చయింది. అక్కడ ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనక ఉన్నారు. స్కూల్లో మాత్రం ఆరో తరగతి పాఠమే నడుస్తుంది. బాగా వెనకబడ్డ పిల్లలు స్కూలుకి వెళుతున్నా దాదాపు ఏమీ ముందుకి కదలలేదు.

లాటరీలో పేరు వచ్చిన పిల్లలకి స్కూలు తర్వాత మైండ్‌స్పార్క్ అనే ప్రోగ్రామ్ మీద, వాళ్ళు నిజంగా ఉన్న స్థాయి నుంచి నేర్పారు. పక్కన గ్రూపు ట్యూషన్ కూడా ఉంది. నాలుగున్నర నెలల్లోనే లెక్కల్లోనూ హిందీలోనూ గట్టి లాభం కనిపించింది. వెనకబడ్డ పిల్లలు కూడా ముందున్నవాళ్ళతో సమానంగా కదిలారు.

మన ఇళ్ళకి దీని అర్థం

ఐదో తరగతి దాకా ఉర్దూ మీడియంలో చదివి ఆరులో ఇంగ్లీషు మీడియంలో చేరిన అమ్మాయి ఉంటుంది. హిఫ్జ్ కోసం రెండు మూడేళ్ళు మదరసాలో గడిపి తిరిగి స్కూలుకి వచ్చిన అబ్బాయి ఉంటాడు. నాన్న గల్ఫ్‌లో, ఇంట్లో లెక్క చెప్పేవాళ్ళు లేని పిల్లలు ఉంటారు. వీళ్ళందరూ మొదలయ్యే చోటు వెనక. పక్కవాడితో పోల్చి మార్కులు చూసినంతకాలం ఈ పిల్లలు మొద్దుల్లాగే కనిపిస్తారు. మూడు నెలల క్రితం వాళ్ళు ఎక్కడున్నారో, ఇప్పుడు ఎక్కడున్నారో చూస్తే వాళ్ళ నడక కనిపిస్తుంది.

హాఫిజ్ పిల్లల విషయంలో ఇంకో మాట. రోజూ కొత్త సబఖ్ ఉస్తాద్‌కి ఒప్పజెప్పడం, ఒక్క అక్షరం తప్పినా అక్కడే ఆపి దిద్దించుకోవడం, పాత పాఠం ఆమోఖ్తాగా మళ్ళీ మళ్ళీ వినిపించడం వాళ్ళకి అలవాటు. చిన్న ముక్క, వెంటనే దిద్దుబాటు, వచ్చేదాకా మళ్ళీ చేయడం. లెక్కల ట్యూటర్ నడిచే పద్ధతి దీనికి చాలా దగ్గర. ఇంతటి ఓపికతో నేర్చుకున్న పిల్లవాడిని లెక్కలు రానివాడు అనేస్తే అది వాడి మీద అన్యాయం. లెక్కల్లో వాడికి అలాంటి సబఖ్ ఇంకా ఎవరూ ఇవ్వలేదు, అంతే.

చేయాల్సింది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. పిల్లవాడు ఏ తరగతి లెక్క దగ్గర ఆగిపోతున్నాడో ముందు కనుక్కోవాలి. ఏడో తరగతి పిల్లవాడు నాలుగో తరగతి భిన్నాల దగ్గర ఆగితే అక్కడి నుంచే మొదలుపెట్టాలి, సిగ్గుపడాల్సిన పని లేదు. ట్యూషన్‌లో చేర్చేటప్పుడు "ఎన్ని గంటలు చెబుతారు" అని కాకుండా "పిల్లవాడితో ఎన్ని లెక్కలు చేయిస్తారు, తప్పు ఎప్పుడు దిద్దుతారు" అని అడగాలి. నలభైమందిని కూర్చోబెట్టి బోర్డు మీద చెప్పి పంపే చోటు కంటే, పక్కింటి డిగ్రీ చదివే అక్క రోజూ అరగంట నోట్‌బుక్ చూసి దిద్దడమే మేలు కావచ్చు. లెక్క అర్థం కాకపోతే ముందు కిరాణా కొట్టు లెక్కగా, ఇంట్లో మాట్లాడే భాషలో చెప్పి, తర్వాత దాన్నే గుర్తుల్లో రాయించాలి.

టెన్త్ ఫలితాలు వచ్చాక గ్రూపు ఎంచుకునే ముందు, పెళ్ళి సంబంధం చూసే ముందు, షెడ్డులో పనికి మాట్లాడే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: ఈ పిల్లకి, ఈ పిల్లవాడికి కావాల్సిన పదమూడు సార్లు ఇచ్చామా, లేక నాలుగు సార్లకే రాదని తేల్చేశామా?